తాతల నాటి తుపాకీ.. తెలియకుంటే తంటా!

* అటక మీది పాత ఆయుధానికీ లైసెన్సు ప్రశ్న తప్పదు
* బాగు చేయించడంలోనే అసలు చిక్కు
* వారసులకు చట్టం దారి చూపినా తెలిసినవారు తక్కువే

నిడదవోలు: గోదావరి డెల్టా పల్లెల్లో పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటిగా నేలకూలుతున్నాయి. వాటి స్థానంలో డాబాలు లేస్తున్నాయి. అటకలు దించే వేళ ఇత్తడి గుండిగలు, భోషాణాలతో పాటు ఒక్కోచోట తుప్పుపట్టిన పొడవాటి తుపాకీ కూడా వెలుగు చూస్తుంటుంది. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుండు దించి, చువ్వతో దట్టించి పేల్చే రకమది. దానిని చూడగానే ఇంటివారికి మూడు ఆలోచనలు వస్తాయి. మెరుగు పెట్టించి దసరా ఆయుధ పూజలో ఉంచుదామన్నది మొదటిది. మంచి ధర వస్తే అమ్మేద్దామన్నది రెండోది. బాగు చేయించి ఒక్కసారైనా పేల్చి చూద్దామన్నది మూడోది. ఈ మూడింటికీ చట్టం వేర్వేరు సమాధానాలు చెబుతోంది. మూడో ఆలోచన చట్టానికే కాదు, ప్రాణానికీ సంబంధించినది. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి శిక్షలను గణనీయంగా పెంచిన నేపథ్యంలో ఈ విషయంపై అవగాహన కలిగి ఉండటం ఎంతైనా అవసరం.

తుపాకుల చరిత్ర ఉన్న సీమ

ఉభయ గోదావరులకు తుపాకీ కొత్త వస్తువు కాదు. 1758 డిసెంబరులో పిఠాపురం సమీపంలోని చందుర్తి వద్ద ఫ్రెంచి సేనాపతి కాన్‌ఫ్లాన్స్, ఆంగ్లేయ సేనాని ఫోర్డ్ తలపడ్డారు. విజయనగరం రాజు ఆనంద గజపతి ఆంగ్లేయుల పక్షాన నిలిచారు. ఆ పోరుతో రాజమహేంద్రవరంపై ఫ్రెంచివారి పట్టు సడలింది. ఆనాటి సైనికుల చేతుల్లో ఉన్నవన్నీ మూతి నుంచి మందు కూరే తుపాకులే. చెకుముకి రాయి రాపిడితో పుట్టిన రవ్వ వాటిని పేల్చేది. తర్వాతి శతాబ్దంలో చెకుముకి స్థానంలో చిన్న రాగి టోపీ వచ్చింది. దానిపై గుర్రం పడగానే నిప్పు పుట్టి మందును అంటుకుంటుంది.

1853లో రూపొందిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఈ వరుసలో ప్రసిద్ధమైనది. దాని గొట్టం రంధ్రం 0.577 అంగుళాలు. లోపల మెలి తిరిగిన మూడు గాళ్లు ఉంటాయి. ఈ గాళ్లు ఉంటేనే రైఫిల్. లోపల నున్నగా ఉంటే అది మామూలు తుపాకీ. ఎన్‌ఫీల్డ్ తూటాల కాగితానికి పూసిన కొవ్వు 1857 తిరుగుబాటుకు నిప్పు రాజేసిన సంగతి విదితమే. 1860వ దశకం చివరికి సైన్యాలు వెనుక నుంచి తూటా పెట్టే తుపాకులకు మళ్లాయి. పాత రకం మాత్రం వేటకు, పంట కాపలాకు పల్లెల్లో నిలిచిపోయింది. బీహార్‌లోని ముంగేర్ వంటి చోట్ల లైసెన్సు పొందిన కర్మాగారాలు స్వాతంత్ర్యం తర్వాత కూడా ఇటువంటి తుపాకులను తయారుచేశాయి. కాబట్టి అటక మీద దొరికిందల్లా తెల్లదొరల కాలం నాటిదని అనుకోవడానికి వీల్లేదు.

వైస్రాయి లిట్టన్ హయాంలో 1878లో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుల చేతిలోని తుపాకీని లైసెన్సు కిందకు తెచ్చింది. ఐరోపా వారికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ తర్వాతి ఏడాది, 1879లో రంపలో పితూరీ చెలరేగింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై మూడు రోజుల్లో దాడి చేసి 26 తుపాకులను తీసుకుపోయింది. ఆయుధం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఈ నేలపై ఎప్పుడూ రాజ్యానికీ ప్రజలకూ నడుమ నలుగుతూనే ఉంది. స్వతంత్ర భారతం 1878 నాటి చట్టాన్ని తొలగించి 1959లో కొత్త చట్టం తెచ్చుకున్నా, లైసెన్సు అన్న మూలసూత్రం మారలేదు.

పాతదైతే లైసెన్సు అక్కర్లేదా?

వందేళ్ల నాటి తుపాకీకి లైసెన్సు ఎందుకన్నది రచ్చబండల దగ్గర తరచూ వినిపించే మాట. ఇందులో సగమే నిజం. ఆయుధాల చట్టం 45వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇచ్చింది. వాడుక తప్పిన నమూనావి, పురాతన విలువ కలిగినవి, పాడైపోయినవి అయిన ఆయుధాలకు చట్టం వర్తించదని అందులో ఉంది. అయితే దానికి ఒక షరతు జోడించారు. ఆ ఆయుధం మరమ్మతు చేసినా, చేయకపోయినా పేలే స్థితిలో ఉండకూడదు. అంటే గొట్టం చిల్లులు పడి, పేల్చే యంత్రం పూర్తిగా శిథిలమై, ఏ పనివాడూ తిరిగి నిలబెట్టలేని ఇనుప ముద్దగా మిగిలితేనే ఈ మినహాయింపు. టోపీ పెట్టే ముక్కు మార్చి, గుర్రానికి కొత్త కమాను బిగిస్తే పేలుతుందనుకున్న తుపాకీకి ఇది వర్తించదు.

2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ ఆయుధ నిబంధనలను సవరించింది. అపురూప వస్తువుల కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలను పొందడానికి, దగ్గర ఉంచుకోవడానికి భారత పౌరులకు లైసెన్సు అవసరం లేదని ప్రకటించింది. అయితే వాటిని వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా, ఒకచోటి నుంచి మరోచోటికి తరలించాలన్నా తగిన లైసెన్సు ఉండాల్సిందే. యజమాని లైసెన్సులో ఆ ఆయుధం నమోదు కాకుంటే దానికి మందుగుండు అమ్మకూడదని కూడా స్పష్టం చేసింది. చూసుకోవడానికి వెసులుబాటు ఇచ్చి పేల్చడానికి తలుపు మూసిందన్నమాట. తన వద్ద ఉన్నది ఆ కోవలోకి వస్తుందా, రాదా అన్నది యజమాని సొంతంగా తేల్చుకునే విషయం కాదు. లైసెన్సులిచ్చే అధికారి, అంటే జిల్లా కలెక్టరు కార్యాలయం నుంచి లిఖితపూర్వకంగా తెలుసుకోవడమే క్షేమం.

అమెరికాలో స్థిరపడిన పిల్లలు ఈ విషయంలో చెప్పే మాటలు కొన్ని కుటుంబాలను తప్పుదోవ పట్టించే ప్రమాదం ఉంది. అక్కడి 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం 1898 వరకు తయారైన ఆయుధాలను, నల్లమందుతో పేల్చే మూతికూర్పు తుపాకుల్లో చాలావాటిని పురాతన వస్తువుల కింద లెక్కగట్టి సాధారణ తుపాకుల నిబంధనల నుంచి తప్పించింది. ఇక్కడ అలాంటిది లేదు. మన దేశంలో కర్ణాటకలోని కొడవలకు, అక్కడి జమ్మా భూముల హక్కుదారులకు మాత్రం లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. దానిని 2019లో కేంద్రం 2029 వరకు పొడిగించింది. తెలుగు ప్రాంతాల్లో ఏ వర్గానికీ అటువంటి సౌకర్యం లేదన్నది గమనార్హం.

మరమ్మతు.. ఏడేళ్ల ముచ్చట

తుప్పు వదిలించి, కొత్త చెక్క మడమ అమర్చి, కమాను మార్చమని ఊరి కమ్మరి చేతిలో పెట్టడం చాలామందికి తప్పుగా తోచదు. నాగలి కర్రు సాగదీసినట్టే ఇదీ అనుకుంటారు. అయితే చట్టం 5వ సెక్షన్ తుపాకుల తయారీ, అమ్మకంతో పాటు మార్పులు చేయడం, మరమ్మతు చేయడం, సామర్థ్యం పరీక్షించడం కూడా లైసెన్సు ఉన్నవారే చేయాలంటోంది. 2019 సవరణ తర్వాత ఈ సెక్షన్‌ను అతిక్రమిస్తే కనీసం ఏడేళ్ల జైలు. గరిష్ఠంగా యావజ్జీవం. అంతకుముందు ఇది మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకే ఉండేది. లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ దగ్గర ఉంచుకుంటే రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు శిక్ష పడుతుంది. ఉంచుకున్నవాడి కంటే బాగు చేసినవాడికి పెద్ద శిక్ష అన్నమాట. యజమాని సరదా కోసం కమ్మరి కొలిమి దగ్గర నుంచి జైలుకు పోవాల్సిన పరిస్థితి ఇది. పనిముట్లతో పొట్టపోసుకునే కుటుంబాన్ని ఇటువంటి ఇబ్బందిలోకి నెట్టడం భావ్యం కాదు.

చట్టాన్ని పక్కన పెట్టినా, ఆ పని తుపాకుల విద్య తెలిసినవారు చేయాల్సిందే. సాన పట్టి, గరుకు కాగితంతో రుద్ది మెరిపిస్తే గొట్టం గోడ పలుచబడుతుంది. తయారీదారు ముద్రలు చెరిగిపోయి దాని చారిత్రక విలువ కూడా పోతుంది. పాత గొట్టాల్లో కొన్ని ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి చుట్టి అతికినవి. పైకి గట్టిగా కనిపించినా అతుకుల మధ్య తుప్పు తినేసి ఉండవచ్చు. ఇంగ్లండులో గొట్టాలను అధిక మోతాదు మందుతో పరీక్షించి ముద్ర వేసే సంస్థలు లండన్‌లో 1637 నుంచి, బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి ఉన్నాయి. ఆ ముద్ర ఉన్నా అది తయారైన నాటి బలానికి సాక్ష్యమే తప్ప నేటి బలానికి హామీ కాదు.

పాత తుపాకీ కొనేవారు 45 రోజులు ఆగాల్సిందే

లైసెన్సు ఉన్న వ్యక్తి తన సొంతానికి ఉంచుకున్న తుపాకీని మరో అర్హుడికి అమ్ముకోవచ్చు. అయితే ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకు గానీ, సమీప పోలీసు స్టేషన్ అధికారికి గానీ లిఖితపూర్వకంగా తెలపాలి. అలా తెలిపాక కనీసం 45 రోజులు గడిచిన తర్వాతే చేతులు మారాలి. కొనేవారికి 21 ఏళ్లు నిండి ఉండాలి. చేతిలో చెల్లుబాటయ్యే లైసెన్సు, దానిపై విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాలి. 2019 సవరణతో ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చినవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

పాత వస్తువుల వ్యాపారులు చూపేవాటిలో గోడకు తగిలించడానికే చేసిన నకళ్లు ఎక్కువ. కిరీటం గుర్తు, ఆంగ్ల అక్షరాలు చెక్కి పురాతనమైనవని నమ్మిస్తారు. వాటి గొట్టాలు పేలుడు ఒత్తిడికి తట్టుకునేవి కావు. నిజంగా వందేళ్లు దాటినదైతే 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తుంది. దానిని విదేశాలకు పంపడం ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం. విమానమెక్కే బంధువుల సామానులో పెట్టి పంపుదామనుకునే వారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తండ్రి పోతే తుపాకీ ఎవరిది?

డెల్టా కుటుంబాలకు ఎక్కువగా ఎదురయ్యే సమస్య ఇదే. లైసెన్సుదారు మరణించగానే లైసెన్సు ఇంటి ఆస్తిలా పిల్లలకు సంక్రమించదు. ఆ క్షణం నుంచి తుపాకీ ఇంట్లో ఉండటం చట్టవిరుద్ధమవుతుంది. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా సమీప పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గానీ దానిని అప్పగించాలి. కర్మకాండల హడావుడిలో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఏళ్లు గడిచాక ఏ ఆస్తి తగాదాలోనో దాయాదుల్లో ఒకరు ఫిర్యాదు చేసినప్పుడు గానీ వ్యవహారం బయటకు రాదు. అప్పటికి ఇంట్లో ఉన్నవారే నిందితులవుతారు.

అలాగని దారి లేకపోలేదు. 2016 నాటి ఆయుధ నిబంధనలు వారసులకు లైసెన్సు ఇచ్చే వీలు కల్పించాయి. లైసెన్సుదారు మరణానంతరమే కాదు, ఆయనకు 70 ఏళ్లు నిండినప్పుడు గానీ, తుపాకీ తీసుకుని 25 ఏళ్లు పూర్తయినప్పుడు గానీ బతికుండగానే వారసుడి పేరిట మార్పించుకోవచ్చు. మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రం, ఆయుధ భద్రతా శిక్షణ పొందిన ధ్రువపత్రం వంటివి సమర్పించాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు నిడదవోలు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చింది. ఏలూరు కలెక్టరేటులో పుట్టిన పాత దస్త్రాలతో ఉన్నవారు రాజమహేంద్రవరంలో తమ వివరాలు సరిగా ఉన్నాయో లేదో ఒకసారి సరిచూసుకోవడం మేలు. ఎన్నికల వేళ లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లలో డిపాజిట్ చేయించుకోవడం పరిపాటి. తీసుకున్న రసీదు, తిరిగి ఇచ్చిన నమోదు రెండూ భద్రపరచుకోవాలి.

పేల్చే ముందు పది ఆలోచనలు

అన్ని అనుమతులూ ఉండి, లైసెన్సు గల నిపుణుడు గొట్టాన్ని పరీక్షించి సరేనన్నాకే పేల్చడం గురించి మాట్లాడాలి. ఇందులో మొట్టమొదటి సూత్రం, దొరికిన ప్రతి తుపాకీలోనూ మందు ఉన్నట్టే భావించడం. నల్లమందు తడి తగలకుంటే దశాబ్దాలు గడిచినా నిప్పు అందుకుంటుంది. ఏ తాతగారో దొంగల భయంతో దట్టించి అటక ఎక్కించిన తుపాకీ మనవడి చేతిలో పేలే ప్రమాదం ఉంది. నిపుణులు దీనికి సులువైన పరీక్ష చేస్తారు. చువ్వను గొట్టంలోకి అడుగంటా దించి మూతి దగ్గర గుర్తు పెడతారు. అదే చువ్వను బయట గొట్టం పొడవునా ఆనించి చూస్తారు. చువ్వ కొన గొట్టం అడుగు భాగం వరకు రాకుండా కొన్ని అంగుళాల ముందే ఆగితే లోపల మందూ గుండూ ఉన్నాయని అర్థం. అలాంటప్పుడు ఇంట్లోవారు దానిని తోడే ప్రయత్నం చేయరాదు. మూతిని మనుషులు లేని దిక్కుకు ఉంచి పోలీసులకు తెలపాలి.

ఇటువంటి తుపాకీకి నల్లమందు తప్ప మరొకటి పనికిరాదు. సూరేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 పాళ్లుగా ఉండే మిశ్రమమది. నేటి తూటాల్లోని పొగరాని మందు అంతకు ఎన్నో రెట్లు ఒత్తిడి పుట్టిస్తుంది. దానిని పాత గొట్టంలో పోస్తే గొట్టం చీలి పేల్చినవాడి చేతులూ కళ్లూ పోతాయి. ఇంట్లో మందు కలపడం నేరమే గాక ప్రాణాంతకం. దీపావళి మందుల తయారీలో గోదావరి పల్లెలు చవిచూసిన విషాదాలు ఇందుకు చాలు.

మందును డబ్బా నుంచి నేరుగా గొట్టంలోకి పోయకూడదు. ముందు పేలుడు తాలూకు నిప్పురవ్వ లోపల మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలోనే అంటుకుంటుంది. అందుకే చిన్న కొలత గిన్నెతో పోయాలి. గుండు మందుకు ఆనుకుని కూర్చోవాలి. మధ్యలో ఖాళీ మిగిలితే ఆ చోట ఒత్తిడి పెరిగి గొట్టం ఉబ్బుతుంది, లేదా బద్దలవుతుంది. దట్టించేటప్పుడు మూతికి ఎదురుగా ముఖం గానీ, అరచేయి గానీ ఉండరాదు. టోపీ అన్నిటికన్నా చివర, గురి దగ్గర నిలబడ్డాకే పెట్టాలి. గుర్రం పడినా పేలకపోతే వెంటనే కిందికి దించి చూడటం పెద్ద పొరపాటు. కనీసం ఒక నిమిషం పాటు మూతిని గురి వైపే ఉంచాలి. మందు ఆలస్యంగా అందుకునే సందర్భాలు ఉంటాయి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. తొలిసారి పేల్చేటప్పుడు భుజానికి ఆనించకుండా బిగింపులో పెట్టి, దూరం నుంచి తాడుతో మీట లాగడం అనుభవజ్ఞుల పద్ధతి. ఇవన్నీ అనుమతి పొందిన రేంజిలోనే చేయాలి తప్ప చేలగట్ల మీద, కాలువ ఒడ్డున కాదు.

పేల్చిన తర్వాతి పని కూడా ముఖ్యమే. నల్లమందు మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏలూరు కాలువ, ఎర్రకాలువల నడుమ ఉండే మన గాలిలో అది త్వరగా తుప్పుగా మారుతుంది. ఉత్త నూనె పూస్తే సరిపోదు. వేడినీటితో లోపలంతా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆపైన నూనె పట్టించాలి. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాగా గాలిలోకి పేల్చడం 2019 సవరణతో ప్రత్యేక నేరమైంది. రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

పంట కాపలాకూ పరిమితులు

ఆయుధాల చట్టం 13వ సెక్షన్ రైతు పక్షాన ఒక మాట చెప్పింది. నిజమైన పంట రక్షణ అవసరం ఉన్నవారికి మూతికూర్పు తుపాకీ లైసెన్సు ఇవ్వాలని, నిరాకరించాలంటే చట్టంలో చెప్పిన కారణాలు ఉండాలని పేర్కొంది. అయితే ఆ లైసెన్సు అడవి జంతువును చంపే అనుమతి కాదు. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. పంటను నాశనం చేస్తున్న జంతువును చంపాలంటే అటవీశాఖ అధీకృత అధికారి లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు నివసించే లైసెన్సుదారులు అటవీశాఖ వద్ద పేరు నమోదు చేయించుకోవాలన్న నిబంధన కూడా ఉంది. పాపికొండలు, కొల్లేరు పరిసర గ్రామాల వారికి ఇది వర్తిస్తుంది. ఒక శాఖ తుపాకీ ఇస్తే మరో శాఖ పేల్చవద్దంటోందని రైతు వాపోవడంలో అర్థముంది. రెండు శాఖలూ ఒకే దరఖాస్తుపై నిర్ణయం చెప్పే ఏర్పాటు ఉంటే ఈ గందరగోళం తొలగుతుంది.

రంపచోడవరం, మారేడుమిల్లి, బుట్టాయగూడెం ఏజెన్సీ పల్లెల కోణం వేరు. అక్కడి నాటు తుపాకీ వారసత్వ వస్తువు కాదు, అడవి జంతువుల నుంచి పోడు పంటను కాచుకునే సాధనం. సాధారణ ఇనుప గొట్టంతో తయారైన అది ఎదుటి జంతువుకు ఎంత ప్రమాదమో పట్టుకున్నవాడికీ అంతే ప్రమాదం. చీకట్లో జంతువనుకుని మనిషిని కాల్చిన ఘటనలు మన్యానికి కొత్త కాదు. స్వచ్ఛందంగా అప్పగించమని పోలీసులు కోరుతున్నా, పంటకు ప్రత్యామ్నాయ రక్షణ చూపకపోతే ఒకటి అప్పగించిన ఇంట్లో మరొకటి తయారవుతుంది. సౌర కంచెలు, సకాలంలో పంట నష్టపరిహారం అందినప్పుడే ఆ పిలుపునకు విలువ ఉంటుంది.

ఏం చేయాలి?

అటక మీద తుపాకీ దొరికినవారు ముందుగా దానిని కదపకుండా ఉంచి, పోలీసు స్టేషన్‌కు సమాచారం ఇవ్వాలి. మోటారు సైకిలుపై గోనెలో చుట్టి తీసుకెళ్లడం మంచిది కాదు. తరలింపునకూ అనుమతి కావాలన్నది మరువరాదు. పాత లైసెన్సు పుస్తకం, డిపాజిట్ రసీదులు వెతికి సిద్ధంగా ఉంచుకోవాలి. అప్పగించేటప్పుడు తుపాకీపై ఉన్న అంకెలు, ముద్రలతో సహా రసీదు తీసుకోవాలి.

అధికారుల వైపు నుంచి కూడా చొరవ అవసరం. నిజాయతీగా ముందుకొచ్చిన కుటుంబాన్ని నేరస్థుల్లా చూస్తే రెండోవాడు రాడు. తుపాకీ రాత్రికి రాత్రే ఏ కాలువలోనో పడిపోతుంది, లేదా నాటు వేటగాళ్ల చేతికి చేరుతుంది. మండలానికి ఒక రోజు చొప్పున రెవెన్యూ, పోలీసు, పురావస్తు శాఖలు కలిసి పరిశీలన శిబిరం నిర్వహిస్తే ఏది పనికిరాని ఇనుము, ఏది చరిత్ర, ఏది లైసెన్సు కావాల్సిన ఆయుధం అన్నది అక్కడికక్కడే తేలుతుంది. చారిత్రక విలువ ఉన్నవాటిని రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు ప్రదర్శనశాలకు, ఇచ్చినవారి ఊరి పేరుతో చేర్చవచ్చు. చందుర్తి నుంచి మన్యం దాకా తుపాకులు మోసిన ఈ నేల చరిత్ర పోలీసు మాల్‌ఖానాల్లో తుప్పుపట్టి కరిగిపోవడం కంటే అది ఎంతో మేలు. ఇంటి గోడకు అలంకారం కావాలనుకునే వారికి అనుమతి పత్రం, పేల్చాలనుకునే వారికి లైసెన్సు, శిక్షణ, మంచి రేంజి అవసరం. ఈ రెండింటి మధ్య తేడా తెలియని సరదా మాత్రం ఇంటిల్లిపాదికీ చేటు తెస్తుంది.